కంప్యూటర్ ఎక్కడ ఆగిందో చూడకుండానే ఫార్మాటా?

సంపాదకులకు నమస్కారం.

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ చేస్తే కంపెనీ లోగో దాకా వచ్చి ఆగిపోవడం, లేదా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి ఒకచోట బిగుసుకుపోవడం ఇళ్లలోనూ, జిరాక్సు సెంటర్లలోనూ, చిన్న ప్రింటింగ్ ప్రెస్సుల్లోనూ, బడుల్లోనూ తరచుగా వినిపించే ఫిర్యాదు. దానికి చాలా మరమ్మతు దుకాణాల్లో దొరికే జవాబు కూడా దాదాపు ఒక్కటే: ‘‘ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి.’’ అంటే విండోస్ పాడైంది, డిస్కును తుడిచేసి దాన్ని కొత్తగా ఎక్కించాలని. క్యాబినెట్ మూత తీయకముందే, ఏ దశలో ఆగిందని అడగకముందే వచ్చే ఈ జవాబు గురించే ఈ ఉత్తరం. పాలిటెక్నిక్ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసి విరమించిన నాకు ఈ విషయంలో ఉన్న అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదలయ్యేటప్పుడు ఆగిపోయే కంప్యూటర్ తన లోపం ఎక్కడుందో చాలావరకు తానే చూపిస్తుంది. అది చూడకుండా ఫార్మాట్ చేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

మీట నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా యంత్రం అనేక మెట్లు ఎక్కుతుంది. ముందు గోడ కరెంటును మార్చి ఇచ్చే పెట్టె, అంటే ఎస్ఎంపీఎస్, నుంచి మదర్‌బోర్డుకు సరైన వోల్టేజీలు అందాలి. ఆ తరవాత బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే తొలి ప్రోగ్రాము (ఇప్పటి యంత్రాల్లో యూఈఎఫ్ఐ) ప్రాసెసర్, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), డిస్‌ప్లే, కీబోర్డు, డిస్కులు ఉన్నాయో లేవో, పనిచేస్తున్నాయో లేదో వరసగా పరీక్షిస్తుంది. అది ముగిశాకే డిస్కులో ఉండి విండోస్‌ను లేపే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాము చేతికి పగ్గాలు వెళతాయి, విండోస్ కెర్నల్ (దాని మూలభాగం) లేస్తుంది, డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) ఎక్కుతాయి, లాగిన్ తెర వస్తుంది, చివరగా స్టార్టప్ ప్రోగ్రాములు మొదలవుతాయి. ఫార్మాట్ అనే వైద్యం ఈ క్రమంలోని చివరి మెట్లకు మాత్రమే తగులుతుంది. మొదటి మెట్ల దగ్గర విండోస్ అసలు నిద్రే లేవదు. అక్కడ ఆగిన యంత్రానికి విండోస్‌ను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా ఒరిగేదేమీ ఉండదు.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే చిన్న విషయం ఒకటుంది. ఇటీవలి యంత్రాల్లో బయోస్ పరీక్షలు జరుగుతున్నప్పుడూ కంపెనీ లోగోయే కనిపిస్తుంది, విండోస్ ఎక్కుతున్నప్పుడూ అదే లోగో తెర మీద ఉండిపోతుంది. ‘‘లోగో దగ్గర ఆగింది’’ అని చెబితే చాలదు. లోగో కింద చుక్కల వలయం మొదలైందా లేదా అన్నది చూడాలి. చుక్కలు కనిపించాయంటే బూట్ లోడర్ దొరికింది, విండోస్ కదిలిందని అర్థం. చుక్కలు లేని ఒట్టి లోగో అయితే అనుమానం ముందుగా హార్డ్‌వేర్ మీదికో, బయోస్ సెట్టింగుల మీదికో, డిస్కు దొరకకపోవడం మీదికో వెళ్లాలి. అది తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ, ఎఫ్2 గానీ, ఆ కంపెనీ చెప్పిన మరో కీ గానీ నొక్కి బయోస్ సెటప్‌లోకి వెళ్లి, అక్కడే కొంతసేపు వదిలేయండి. ఆ తెర మీదే యంత్రం బిగుసుకుపోతే విండోస్‌కు ఏ పాపమూ తెలియదు. ర్యామ్, ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు, ప్రాసెసర్ వేడి, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. సెటప్ జాబితాలో హార్డ్ డిస్కు పేరు అసలు కనిపించకపోతే, ఏమీ లేనిచోట ఫార్మాట్ చేసేది దేన్నని దుకాణదారును అడగవచ్చు.

ఆగిపోవడానికీ, నెమ్మదించడానికీ తేడా తెలుసుకోవడం కూడా అవసరమే. పాత హార్డ్ డిస్కు ఉన్న యంత్రం పెద్ద అప్‌డేట్ ఎక్కించుకునేటప్పుడు చాలాసేపు ఒకే తెర మీద నిలబడటం మామూలే. కీబోర్డు మీది క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా, క్యాబినెట్ ముందున్న డిస్కు దీపం మినుకుమంటోందా అని చూడండి. రెండూ స్పందిస్తుంటే యంత్రం ఇంకా పనిలోనే ఉన్నట్టు, ఓపిక పట్టాలి. అప్‌డేట్ మధ్యలో మెయిన్ స్విచ్ కట్టేయడం వల్ల పాడైన విండోస్‌లు నేను చాలా చూశాను.

ఇక చేయవలసిన మొదటి పని, ఎవరైనా చేయగలిగినది: కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప వెనకా ముందూ తగిలించినవన్నీ పీకేసి ఆన్ చేయడం. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్ డిస్కు, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, ఏదైనా సరే. బయోస్ ప్రతి యూఎస్‌బీ పరికరాన్నీ పలకరించి జవాబు కోసం చూస్తుంది. చెడిపోయిన పరికరం సరిగ్గా బదులివ్వకపోతే కొన్ని బోర్డులు అక్కడే ఆగిపోతాయి. మా ఊళ్లో పెళ్లి పత్రికలు వేసే ఒక డీటీపీ సెంటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. చుక్కలు లేని లోగో దగ్గర యంత్రం నిలిచిపోతోంది. దుకాణం వారు ఫార్మాట్ చేయాలన్నారు. ఆ సెంటర్ నడిపే కుర్రవాడికి ఉన్న భయం న్యాయమైనదే, ఎందుకంటే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, కీబోర్డు అమరిక మళ్లీ కుదుర్చుకోవడం అంటే సీజన్‌లో పని ఆగిపోవడమే. ‘‘మాస్టారూ, డేటా పోకుండా ఏదైనా దారి ఉందా?’’ అని అడిగితే వెళ్లి చూశాను. క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే లోపలి పలచటి రేకు ముక్కల్లో రెండు వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి; ఎప్పుడో పెన్‌డ్రైవ్ తిరగేసి బలవంతంగా దూర్చిన ఫలితం. మదర్‌బోర్డు నుంచి ఆ ముందు ప్యానెల్‌కు వచ్చే వైరు ఊడదీయగానే యంత్రం మామూలుగా లేచింది. ఒక్క ఫైలు కదల్లేదు, ఒక్క ఫాంటు పోలేదు.

అన్నీ పీకినా ఆగుతుంటే తరవాతి అనుమానం ర్యామ్. మన కోస్తా తేమకు, వేసవి దుమ్ముకు ర్యామ్ అంచునున్న బంగారు రంగు కాంటాక్టులు మసకబారడం, స్లాటులో పట్టు సడలడం కొత్తకాదు. ప్లగ్ పూర్తిగా తీసేసి, కాసేపు పవర్ మీట నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనిచ్చి, లోహపు క్యాబినెట్‌ను చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్‌ను వదిలించుకున్నాకే ర్యామ్‌ను ముట్టుకోవాలి. పెన్సిలు రాత చెరిపే మెత్తటి రబ్బరుతో ఆ అంచును సున్నితంగా తుడవడం మన మెకానిక్కులందరికీ తెలిసిన విద్యే. రబ్బరు పూతను అరగదీస్తుందని అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు, నిజమే. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడకూడదు, రబ్బరు పొట్టు స్లాటులో పడకూడదు. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే దోషి దొరుకుతుంది. మెమరీని ఇంకా క్షుణ్ణంగా పరీక్షించాలంటే విండోస్‌లోనే ఒక సాధనం ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 కూడా ఉంది.

బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్ 2032, దీని సంగతి విడిగా చెప్పాలి. మూడు వోల్టుల ఈ బ్యాటరీ అయిపోతే గడియారం ఏనాటి తేదీకో వెళ్లిపోతుంది, బయోస్ సెట్టింగులు చెరిగిపోవచ్చు, కొన్ని యంత్రాలు నల్లటి తెర మీద రెండు ముక్కలు రాసి ఎఫ్1 నొక్కమని ఎదురుచూస్తూ ఉంటాయి. తెర మీది ఇంగ్లిష్ చదవనివారికి అదీ ఆగిపోయినట్టే కనిపిస్తుంది. బ్యాటరీ కొద్ది రూపాయల వస్తువు, మార్చడం నిమిషాల పని. అయితే అక్కడే ఒక ఉచ్చు ఉంది. బ్యాటరీ తీయగానే బయోస్ తన ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోవచ్చు, దానితో సాటా డిస్కును (సాటా కేబుల్‌తో బోర్డుకు తగిలించే డిస్కును) నడిపే పద్ధతి మారిపోవచ్చు. విండోస్‌ను ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో ఉండి, ఇప్పుడు రెయిడ్‌కో ఐడీఈకో మారితే, నిన్నటిదాకా బాగున్న విండోస్ చుక్కల దగ్గరే కూలబడుతుంది. అప్పుడు కూడా వచ్చే సలహా ఫార్మాటే! బయోస్ సెటప్‌లోని పేజీలను బ్యాటరీ తీయకముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే, ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మార్చి పని ముగించవచ్చు.

ఎస్ఎంపీఎస్ గురించి, ఉబ్బిన కెపాసిటర్ల గురించి ఎక్కువ చెప్పను. అవి ఇంట్లో తేల్చేవి కావు. మదర్‌బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల నెత్తి చదునుగా కాక పొంగి ఉంటే, దాన్ని చూసిన మెకానిక్ ఫార్మాట్ మాట ఎత్తడని మాత్రం అంటాను. మూత తీసి చూడాలి, అంతే.

ఫార్మాట్ వల్ల నిజంగా కొంప మునిగేది హార్డ్ డిస్కు చెడుతున్నప్పుడు. డిస్కులోని కొన్ని సెక్టార్లు (డేటా రాసి ఉంచే చిన్న గళ్లు) చదవడానికి రాకపోతే విండోస్ వాటి కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ చుక్కల దగ్గర నిలబడిపోతుంది. టిక్ టిక్ అని లయగా చప్పుడు వినిపించినా, ఫైళ్లు తెరవడానికి కొంతకాలంగా అతి నిదానమైనా అనుమానించవలసింది దీన్నే. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పద్ధతిలో తన ఆరోగ్యం గురించి లెక్కలు రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములో అవి కనిపిస్తాయి. 05 వరసలో చెడిపోయి మార్చిన సెక్టార్లు, సీ5 వరసలో చదవలేక వాయిదా వేసిన సెక్టార్లు ఉంటాయి. ఈ రెంటిలో లెక్క పెరుగుతూ పోతుంటే డిస్కు చివరి రోజుల్లో ఉన్నట్టే. సీ7 వరసలో లెక్క పెరుగుతుంటే మాత్రం డిస్కు కంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి, ఎందుకంటే అది డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడుతోందని చెప్పే లెక్క. కేబుల్ మారిస్తే పోయే రోగానికి డేటా మొత్తం తుడిపించుకున్నవారు ఎందరో ఉంటారని నా అనుమానం.

చెడుతున్న డిస్కును క్విక్ ఫార్మాట్ చేస్తే అది ఉపరితలాన్ని పరీక్షించదు. కొత్త విండోస్ బాగున్నచోట పడితే కొన్ని వారాలు నడుస్తుంది, తరవాత మళ్లీ ఆగుతుంది. ఈ మధ్యలో పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేసి, బాగుచేయగలిగిన డేటాను కూడా చేజేతులా పోగొట్టుకుంటాం. తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లతో చేసిన ఎస్ఎస్‌డీ అయితే మరీ ప్రమాదం. విండోస్ దాన్ని ఫార్మాట్ చేసేటప్పుడు పాత డేటా ఇక అక్కర్లేదని చెప్పే ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఆ తరవాత పాత డేటాను రికవరీ చేసేవారి చేతికి కూడా దాదాపు ఏమీ మిగలదు. అందుకే డిస్కు మీద అనుమానం కలిగిన క్షణం నుంచి మిగతా పనులన్నీ ఆపి, ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. డిస్కును ఊడదీసి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. లేదా విండోస్‌కు బదులు వాడే ఉచిత ఓఎస్ అయిన లినక్స్‌ను (ఉబుంటు వంటిది) పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ఇన్‌స్టాల్ చేయకుండా, ఫైళ్లను మాత్రం కాపీ చేసుకోవచ్చు. విండోస్‌లోని చెక్‌డిస్క్ అనే సాధనంతో చెడ్డ సెక్టార్లు వెతికించడం కాపీ అయ్యాకే. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటల తరబడి మొదటి నుంచి చివరిదాకా చదివించడం దాన్ని అక్కడికక్కడే ముగించవచ్చు.

చుక్కలు వచ్చి, డిస్కు బాగుండి, అప్పటికీ ఆగుతుంటే లోపం విండోస్‌ది కావచ్చు. అక్కడ కూడా ఫార్మాట్ ఆఖరి అస్త్రమే. విండోస్ 8 నుంచి ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ (అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) రావడం మామూలుగా ఉండదు కాబట్టి సేఫ్ మోడ్ అనేదే లేదనుకునేవారు చాలామంది. విండోస్ 10, 11లలో యంత్రం లేస్తుండగా పవర్ మీట నొక్కి పట్టుకుని ఆపడం వరసగా రెండు మూడుసార్లు చేస్తే, రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, సిస్టం రిస్టోర్, చివరగా ఎక్కిన అప్‌డేట్‌ను తీసేయడం వంటివి వరసగా ఉంటాయి. స్టార్టప్ సెట్టింగుల్లో 4 నొక్కితే సేఫ్ మోడ్. డిస్కు మీద అనుమానం లేదని తేలాకే ఈ బలవంతపు ఆపివేత చేయాలి. సేఫ్ మోడ్‌లో శుభ్రంగా లేచిందంటే విండోస్ ప్రాణం పోలేదు. డిస్‌ప్లే డ్రైవరో, రెండు యాంటీవైరస్‌ల కొట్లాటో, స్టార్టప్‌లో చేరిన ఏదో ప్రోగ్రామో అడ్డుపడుతోందన్న మాట.

రీస్టార్ట్ చేస్తే బాగానే లేచి, షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే మాత్రం ఆగే యంత్రాలు కొన్ని ఉంటాయి. ఇది వింతగా కనిపిస్తుంది కానీ కారణం సులువు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో దాచి, పొద్దున దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి ఎక్కుతుంది. దాచిన స్థితితో ఏదైనా డ్రైవరుకు పొసగకపోతే పొద్దున పూట చుక్కల దగ్గర ఆగిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ఒక టిక్ తీసేస్తే పోయే బాధ ఇది.

2024 జులై 19న జరిగినది మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరిత అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. లేవడం, కూలడం, మళ్లీ లేవడం తప్ప మరేమీ చేయలేని ఆ యంత్రాల్లో చాలావాటిని బాగుచేసిన పద్ధతి ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డరులో ఆ సంస్థ పంపిన ఒకే ఒక్క ఫైలును తొలగించి, రీస్టార్ట్ చేయడం. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావలసివచ్చింది. ఆ తాళం ఇప్పుడు ఇళ్లలోని కొత్త విండోస్ 11 యంత్రాల్లోనూ తెలియకుండానే పడి ఉండవచ్చు. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవడం అవసరం.

‘‘విండోస్ 10 అయిపోయింది కదా, అందుకే ఆగుతోంది’’ అన్న మాట కూడా ఈమధ్య కౌంటర్ల దగ్గర వినిపిస్తోంది. 2025 అక్టోబరు 14తో ముగిసింది దాని ఉచిత మద్దతు మాత్రమే. ఆ తరవాత మామూలుగా భద్రతా అప్‌డేట్లు రావు. కంప్యూటర్ ఆగిపోవాలన్న నియమమేమీ అందులో లేదు. ఈ మాట నమ్మి, విండోస్ 11 కోరే భద్రతా ఏర్పాటు టీపీఎం 2.0 లేని పాత యంత్రం మీద దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించుకున్నవారు ఒక తలనొప్పి పోగొట్టుకోబోయి మరొకటి తెచ్చుకుంటున్నారు. ఫార్మాట్ పేరుతో లైసెన్సు లేని విండోస్‌ను, దాన్ని యాక్టివేట్ చేసే అనుమానాస్పద ప్రోగ్రాములను ఎక్కించే అలవాటు గురించి వేరే ఉత్తరమే రాయవచ్చు.

మెకానిక్కులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. లోపం వెతకడానికి ఒక పూట పడుతుంది, ఫార్మాట్ చేయడానికి పెన్‌డ్రైవ్ పెట్టి వదిలేస్తే చాలు. మనం వెతికిన శ్రమకు డబ్బివ్వం, ‘‘వైరు బిగించినందుకు అంత తీసుకుంటారా?’’ అని నిలదీస్తాం. ఫార్మాట్‌కు మాత్రం అడిగినంత ఇచ్చి వస్తాం. పరీక్షకు ఇంత, మరమ్మతుకు ఇంత అని విడివిడిగా తీసుకునే దుకాణానికి మనం సంతోషంగా డబ్బు కట్టినప్పుడే ఈ పద్ధతి మారుతుంది. అదే సమయంలో, ఏ దశలో ఆగుతోందో, ఏం పరీక్షించారో, ఏం మార్చారో బిల్లు మీద రెండు వాక్యాలు రాయమని అడిగే హక్కును మనం వదులుకోకూడదు. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో ఒకటి; 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. డిస్కు గానీ ర్యామ్ గానీ మార్చితే పాతదాన్ని తిరిగి తీసుకోవాలి. మన ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కు ఎవరి అల్మరాలోనో ఉండకూడదు.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. మీ పత్రికలో సాంకేతిక విషయాలకు కేటాయించే స్థలంలో కొత్త ఫోన్ల పరిచయాలతోపాటు, కంప్యూటర్ మొదలయ్యే దశలను బొమ్మలతో ఒకసారి ప్రచురించండి. చుక్కలు లేని లోగో, చుక్కలున్న లోగో, ఎఫ్1 అడిగే నల్లతెర, రికవరీ తెర పక్కపక్కనే కనిపిస్తే చాలు. బడుల్లో, డీటీపీ సెంటర్లలో ఆ కాగితాన్ని కత్తిరించి కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకుంటారు.

భవదీయుడు,
పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి,
తెనాలి.